గంటు పెట్టిన గుంజ

రాజులమ్మ గట్టినేల మీద పుట్టి ఇసుకలోకి కాపురానికి వచ్చింది. పుట్టిల్లు నిమ్మాడ. అక్కడ గునపం వేస్తే నిప్పు రాలుతుంది. అత్తవారిది పూండికి తూర్పున, సముద్రం హోరు వినపడే ఉద్దానం పల్లె. అక్కడ చేత్తో గోకితే గొయ్యి, గాలి వేస్తే ఆ గొయ్యి మాయం. కొత్తలో ఆమెకి ఆ ఇసుకలో నడక రాలేదు. ఒక అడుగు ముందుకి వేస్తే అర అడుగు వెనక్కి జారేది. అత్త కాసులమ్మ చుట్ట నిప్పు నోట్లోకి తిప్పుకుని అడ్డపొగ పీలుస్తూ, అరుగు మీంచి చూసి నవ్వేది.

"మడం ఏసి నడవకే గట్టుపిల్లా. ఏళ్ళు ఏసి నడువు. ఇసక మనల్ని మొయ్యదు, మనవే దాన్ని నమ్మకుండా నడవాల."

నమ్మకుండా ఉండడమే ఆ ఇంటి వృత్తి. కొబ్బరితోట ఉన్నా, ఎండలు ముదిరాక ఆ ఇంటి మగవాళ్ళు ఊరూరా నూతులు తవ్వేవారు. ఇసుకలో నుయ్యి తవ్వడం అంటే మూర లోతు తీయగానే కాల్చిన మట్టి ఒర దింపాలి. ఒర దింపకుండా ఇంకొక్క పార ఎత్తారంటే పక్కలు వచ్చి మీద పడతాయి. కాసులమ్మ పెనిమిటి అలాగే పోయాడు, రొమ్ము లోతు గోతిలో, పట్టపగలు. అప్పటినుంచి ఆమె కొడుకులిద్దరికీ ఒర లేని గొయ్యి అంటే పాముపుట్టే. పెద్దవాడు పోలారావు రాజులమ్మ భర్త. చిన్నవాడు రామూర్తి.

ఆ ఇంటి ఆడవాళ్ళకీ ఒక కట్టు ఉండేది. మొగుడు గోతిలోకి దిగినరోజున, పొద్దు పొడిచింది మొదలు పొద్దు వాలేదాకా, పెళ్ళాం నూతిలో చేద వెయ్యకూడదు. ఆ వేళలో పైకి వచ్చే తాడు ఒక్కటే ఉండాలి, అది అతన్ని లాగే తాడు. నీళ్ళు కావాలంటే మొగుడు గట్టు మీద ఉన్న ఆడది ఎవరైనా తోడిపెట్టాలి, లేకపోతే మొగుడే లేని ఆడది. అందుకని ఇద్దరు కోడళ్ళకీ కాసులమ్మే నీళ్ళు తోడేది. తిట్టుకుంటూ తోడేది.

"నా పెనిమిటి పోయి మీకు నీల్లకావిడినైనాను. తాగండి, తాగండి."

రెండో కోడలు ఎర్రమ్మ హరిశ్చంద్రపురం నుంచి వచ్చింది. నెమ్మదస్తురాలు. తల్లీ తండ్రీ లేరు, అన్న ఒక్కడే. రాజులమ్మని అక్క వరసన 'అప్పా' అని పిలిచేది. రాజులమ్మకి పిల్లలు నిలవలేదు. ఎర్రమ్మకి పుట్టిన ఆడపిల్ల పగలంతా రాజులమ్మ చంకలోనే ఉండేది.

జర్మనీ యుద్ధం వచ్చిన మూడో ఏడు, నల నామ సంవత్సరంలో, టెక్కలికి పడమట కాకిమెట్ట అనే గుట్ట దగ్గర రోడ్డుకి కంకర కొట్టేవాళ్ళకి నల్లరాళ్ళు కొన్ని దొరికాయి. పిడికిట్లో పట్టే రాయి ఎత్తితే చెయ్యి కిందికి గుంజేది. ఉప్పు బేరగాళ్ళు తూకానికి పనికొస్తుందని పట్టుకుపోయేవారు. ఒకరోజు ఆ దారిన పోతున్న దొర ఎవరో ఒక తక్కెట్లో ఆ రాయిని చూశాడు. గీకి చూసి, గుడ్డలో చుట్టి, మద్రాసు పంపించాడు. ఆర్నెల్లు తిరక్కుండా కంపెనీ వచ్చి గుట్టకి కన్నం పెట్టింది. గొయ్యి తవ్వడం తెలిసినవాళ్ళు కావాలన్నారు. ఉద్దానం నుంచి నూతిపనివాళ్ళు ఇరవైమంది వెళ్ళారు. పోలారావు వాళ్ళకి మేస్త్రీ. అన్నదమ్ములు ఒక వారం ఒకరు, ఒక వారం ఒకరు ఇంటికి వచ్చేవారు.

రామూర్తి మొదటిసారి వచ్చినప్పుడు వదినకి ఒక నల్లరాయి తెచ్చి చేతిలో పెట్టాడు. గోరంత అంచుల్లో కత్తిలా మెరిసింది.

"పట్టుకో ఒదినా. ఇదే బరువురాయి. దొరలు ఒల్ఫరం అంటన్నారు."

"ఇంతుంది, ఇంత బరువేటి మరిదీ?"

"మా అన్న తలకాయనుకో."

ఎర్రమ్మ నవ్వు ఆపుకోలేక పిల్లని ఎత్తుకుని లోపలికి పోయింది. రామూర్తి ఆరడుగుల మనిషి. వాకిట్లో కూర్చుంటే మోకాళ్ళు చెవుల దగ్గరికి వచ్చేవి. గుట్ట లోపల ఎలా ఉంటుందో చేతులు తిప్పి చెప్పేవాడు. బయటికంతా మట్టిరంగు రాయి. దాన్ని చీల్చుకుని తెల్లరాయి చార ఒకటి ఏటవాలుగా కిందికి దిగుతుంది. ఒకచోట మూరెడు వెడల్పు, ఒకచోట బెత్తెడు, ఇంకోచోట దారప్పోగు. ఆ తెల్లదానిలో, పనసతొనలో పిక్క ఉన్నట్టు, అక్కడక్కడా ఈ నల్లది. తొన దొరికిందని పిక్క ఉంటుందని లేదు. అది ఎప్పుడు ఉబ్బుతుందో ఎప్పుడు సన్నగిల్లుతుందో దొరకీ తెలీదు.

"అయితే దేనికట ఇది? తింటారా?" అని అడిగింది కాసులమ్మ.

"గుమస్తా వైకుంఠరావుగారు సెప్పినారమ్మా. కరిగిన ఇనుంలో దీన్ని సిటికెడు కలిపితే, ఆ ఇనుం ఎర్రగా కాలినా మెత్తబడదంట. ఆ ఇనుంతో మామూలు ఇనపముద్దని ఎన్నపూసలాగ కోసీవచ్చంట. పిరంగులు అలాగే సేత్తన్నారంట."

"మన ఇసకే నయం. దేన్నీ కొయ్యదు," అంది ముసలమ్మ.

గని లోపల ప్రతి రెండు బారలకీ ఒక గుగ్గిలం కర్ర గుంజ నిలబెట్టాలని కంపెనీ కట్టడి. గుంజలు మందస కొండల నుంచి వచ్చేవి. మన నూతిపనివాళ్ళకి అది చూస్తే నవ్వు. ఇసుక అంటే పక్కలు కూలతాయి గనక ఒర కావాలి. రాయికి ఒరేమిటి? పుట్టింది మొదలు ఇసుకని నమ్మని మనుషులు, రాయి కనపడగానే కళ్ళు మూసుకుని నమ్మేశారు. గుమస్తా వైకుంఠరావు చెబుతూనే ఉండేవాడు. ఆ తెల్ల చారకీ పైనున్న రాయికీ మధ్య బొటనవేలు మందాన బంకమట్టి పొర ఉంది, వాననీరు దిగితే అది సబ్బులా జారుతుంది, పై పలక పలకంతా దిగిపోతుంది అని. విన్నారు. తలలూపారు. దొర చూసేచోట గుంజ పెట్టేవారు, చూడనిచోట పెట్టేవారు కాదు.

ఇక రాజులమ్మ వంటపాక సంగతి. దాని నడిమి గుంజ కొబ్బరిమొద్దు. ఉద్దానంలో కొబ్బరిమొద్దుకి కొదవలేదు గాని చెద తింటుంది. మొన్నటి తుపానుకి అది ఒక పక్కకి ఒరిగింది. ఆమె దానికి రోకలి ఆసరా పెట్టి వండుకునేది. రామూర్తి ఆ పాకలోకి వచ్చినప్పుడల్లా తల వంచి, మూతి వంకర తిప్పి, "ఒదినా, నీ వొంటపాకకి పచ్చవాతం వొచ్చినాదే" అనేవాడు.

ఆమె మొగుణ్ణి అడిగింది. ఒకసారి కాదు, మూడు నెలలు అడిగింది. చీర అడగలేదు, కడియం అడగలేదు.

"అన్ని గుంజలు నీ సేతికింద ఉన్నాయి. నాకొక్క గుగ్గిలం గుంజ తేలేవా?"

"అవి కంపెనీవే."

"పని అయిపోయినవి ఉండవా? పుచ్చినవి ఉండవా?"

"సూద్దాంలే."

పింగళ సంవత్సరం ఆషాఢమాసం. టెక్కలి సంతలో కొబ్బరికాయలు దింపి ఖాళీగా తిరిగొచ్చే బండి మీద పోలారావు గుంజ వేసుకుని వచ్చాడు. ఇనుములాంటి కర్ర. ఆ పూటే పాత మొద్దు పీకి ఇది పాతాడు. రాజులమ్మ వెనక్కి వెళ్ళి దూరంనుంచి ఒకసారి చూసింది, దగ్గరికి వచ్చి ఒకసారి చూసింది. మూరెడు పైగా ఇసుకలో దిగాక, గుంజకి పైన, ఆమె చెయ్యి నిటారుగా చాస్తే అందేటంత ఎత్తున, కత్తితో చెక్కిన గంటు ఒకటి ఉంది. గంటు చుట్టూ నూనెమసి పట్టి నల్లగా ఉంది. ఉప్పుచిప్పకి తాడు కట్టి ఆ గంటులో తగిలించుకుంది. కొలిచి చెక్కినట్టు సరిపోయింది. పిల్లికి అందదు, పిల్లకి అందదు. వచ్చినవాళ్ళందరికీ చూపించింది. పెళ్ళయిన పన్నెండేళ్ళలో మొగుడు ఆమె కోసమని మోసుకొచ్చిన వస్తువు అదొక్కటే.

తరవాతి వారం రామూర్తి రావలసింది. వానలు పట్టుకుని రాలేకపోయాడు. వచ్చి ఉంటే తల వంచి పాకలోకి అడుగు పెట్టగానే గుర్తుపట్టేవాడు.

శ్రావణమాసం మొదటి గురువారం, మధ్యాహ్నం. కాసులమ్మ పూండి వెళ్ళింది. ఎర్రమ్మ కూతురికి రెండు రోజులుగా జ్వరం. కుండలో నీళ్ళు అయిపోయాయి. పొరుగిళ్ళవాళ్ళు తోటల్లో ఉన్నారు. పిల్ల పెదాలు ఎండి అంటుకుపోతున్నాయి. ఎర్రమ్మ నూతి దగ్గరికి వెళ్ళి నిలబడింది. పాక గుమ్మంలోంచి రాజులమ్మ చూస్తూనే ఉంది. తన మొగుడూ గోతిలోవాడే, తనూ చేద ముట్టకూడదు. వద్దని అనలేదు, వెయ్యమనీ అనలేదు. ఎర్రమ్మ చేద వేసింది. ఒక్క చేద. పిల్లకి పట్టింది.

మర్నాడు తెల్లవారాక బండి వచ్చింది. బండి వెనక పోలారావు నడుస్తున్నాడు. బండిలో గోనెలు కప్పి ఉంది. కాళ్ళు మాత్రం బండి దాటి బయటికి ఉన్నాయి. ఆ కాళ్ళు చూసి ఎవరో ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. అంత పొడుగు మనిషి ఆ పల్లెలో ఇంకొకడు లేడు.

ఏడుపు వెంటనే రాలేదు. అరుగు మీద కాసులమ్మ చేతిలో చుట్ట ఆరిపోయింది. ఎర్రమ్మ పిల్లని రాజులమ్మ చేతికిచ్చి, బండి దగ్గరికి వెళ్ళి, ఆ పాదాలకి అంటిన తెల్లటి బంకమట్టిని చీరచెంగుతో తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూనే ఉంది. ఎవరు పట్టుకున్నా ఆగలేదు.

"ఎప్పుడు?" అని అడిగింది కాసులమ్మ.

"నిన్న, మద్యాన్నం," అన్నాడు పోలారావు.

ముసలమ్మ తల తిప్పి నూతివైపు చూసింది. నిన్న పూండి నుంచి వచ్చేసరికి చేదతాడు తడిగా ఉండడం ఆమె చూసింది. ఎర్రమ్మని అడిగితే దాచలేదు. ఆ తరవాత ఎవరి ఏడుపూ ఎర్రమ్మ పక్కన నిలబడలేదు. వచ్చిన ఆడవాళ్ళు కాసులమ్మని కావలించుకుని ఏడ్చి, ఎర్రమ్మ వైపు చూసి కొంగు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయేవారు. తాడు లాగింది, మొగుణ్ణి లాగే తాడు తెంపింది, అన్నారు. ఎర్రమ్మ కూడా అదే నమ్మింది. తన కుడిచెయ్యి ఎవరిదో అన్నట్టు ఒళ్ళో పెట్టుకుని చూసుకునేది.

"పదో రోజు అయిపోనియ్యండి. దాన్నీ గుంటపిల్లనీ దాని అన్న ఇంటికి తోలీత్తాను. నా కొడుకుని ముంచిన సెయ్యి నా నూతి మీద పడకూడదు," అంది కాసులమ్మ.

మూడోరోజున ఢిల్లీరావు వచ్చాడు. గనిలో రామూర్తితో కలిసి పనిచేసినవాడు. భుజం విరిగి కట్టు కట్టి ఉంది. అరుగు మీద కూర్చుని కాసులమ్మకి జరిగింది చెబుతుంటే రాజులమ్మ పాకలో గంజి వారుస్తోంది.

"కొత్త సొరంగంలో చార దారప్పోగై పోనాదమ్మా. పాత సొరంగంలో గోడకి ఇంకా నల్లది ఉన్నాది, గీకుదాం రా అన్నాడు రామూర్తి. ఎల్లినాం. మీకు తెల్దు, ఆడు ప్రతి గుంజకీ ఆడి సెయ్యి అందీ ఎత్తుకి గంటు సెక్కుకునీవోడు, దీపం తగిలించుకోడానికి. ఆ గంటు మా ఎవులికీ అందదు. మొన్న లోపలికి పోయి దీపం పట్టుకుని సెయ్యెత్తినాడు. గాల్లో తడుంకున్నాడు. 'ఒరే ఢిల్లీ, ఇక్కడ నా గుంజ ఉండాలి కదరా, ఏటైపోనాది?' అన్నాడు. నవ్వుతానే అన్నాడు. అదే మాట. పైనించి పలక దిగిపోనాది."

గంజి రాజులమ్మ పాదం మీద ఒలికిపోయింది. ఆమెకి వేడి తెలియలేదు. తల ఎత్తి చూసింది. ఉప్పుచిప్ప గంటులో వేళ్ళాడుతోంది. నూనెమసి అనుకున్నది ఆముదం దీపం మసి. ఆ మసిలో బొటనవేలి ముద్ర ఒకటి ఉంది, పెద్దది. ఇన్నాళ్ళూ ఉప్పు తీసుకునేటప్పుడల్లా ఆమె చెయ్యి దాని పక్కనుంచే పోయింది.

ఆ రోజు ఉప్పు లేకుండా వండింది. ఎవరూ గమనించలేదు. మర్నాడు పొద్దున్న తోటలో మొగుణ్ణి నిలబెట్టింది.

"ఎక్కడిదా గుంజ?"

పోలారావు కొబ్బరిచెట్టుని చూస్తూ నిలబడ్డాడు.

"ఎక్కడిదని అడుగుతన్నాను," అంది ఆమె మళ్ళీ.

"పని అయిపోయిన సొరంగంలోది. ఇంకెవులూ ఆ లోపలికి ఎల్లరనుకున్నాను. రాయే, అది రాయి. ఇసకేటి కూలడానికి?"

"మరి ఎర్రమ్మ?"

"ఏటి ఎర్రమ్మ?"

"సేద ఏసి సంపిందని అంటన్నారు. పిల్లతో ఎల్లగొట్టేత్తన్నారు. ఇంటన్నావు కదా?"

"నువ్వు నోరెత్తకు," అన్నాడు. కోపంగా అనలేదు. "అమ్మకి ఉన్నది ఒక్క కొడుకు. ఆ ఒక్కణ్ణీ లేకుండా సేత్తావా? నువ్వడిగితేనే కదే తెచ్చినాను."

ఆ ఆఖరి మాట నిజమే. మూడు నెలలు అడిగింది. ఆరు రోజులు ఆమె ఆ మాట నోట్లో పెట్టుకుని తిరిగింది. ఎర్రమ్మ పిల్లని చంకనెత్తుకుంటే, పిల్ల ఆమె మెడ చుట్టూ చేతులు వేసేది. ఆ చేతుల బరువుకి ఆమెకి ఊపిరి ఆడేది కాదు.

పదో రోజు. ఎర్రమ్మ గాజులు తీశారు. హరిశ్చంద్రపురం నుంచి అన్న బండి తెచ్చి వీధిలో నిలిపాడు. స్నానానికి నూతి దగ్గరికి తీసుకొచ్చి, "నువ్వు ముట్టకు, పక్కన నిలబడు. ఎవులైనా పోత్తారు," అంది కాసులమ్మ. ఊరి ఆడవాళ్ళంతా చుట్టూ ఉన్నారు. ఎవరూ చేద అందుకోలేదు. ఎర్రమ్మ చేతులు కట్టుకుని నిలబడింది.

రాజులమ్మ పాకలోకి వెళ్ళింది. ఉప్పుచిప్ప తీసి కింద పెట్టింది. కట్లు కోసి, గుంజని రెండు చేతులా పట్టుకుని ఊపింది. ఇసుక గదా, నాలుగు ఊపులకి వదులైంది. పైకి లాగేసరికి దూలం దిగి, తాటాకు కప్పు పొయ్యి మీదికి కుంగింది. ధూళి లేచింది. ఆడవాళ్ళు తిరిగి చూశారు. ఆమె గుంజని ఈడ్చుకుంటూ ఇసుకలో గాడి పడేలా నూతిదాకా తెచ్చి, కాసులమ్మ కాళ్ళ దగ్గర పడేసింది.

"అత్తా, ఇది సూడు. ఈ గంటు సూడు. ఢిల్లీరావు సెప్పిన గంటు ఇదే. మరిదికి దొరకని గుంజ ఇదే."

కాసులమ్మ వంగి చూసింది. గంటు మీద చెయ్యి వేసింది. మసిలోని ముద్ర దగ్గర ఆ చెయ్యి ఆగిపోయింది.

"ఎర్రమ్మ తోడిన సేద కాదు. పొయ్యిమీదికి నాకు నీడ కావాలని నానడిగినాను. మూణ్ణెల్లు అడిగినాను. నా వొంటపాక నిలబడ్డాది, ఆ గుట్ట కూలిపోనాది."

ముసలమ్మ తల ఎత్తి పెద్దకొడుకు కోసం చూసింది. పోలారావు వీధిగుమ్మం దగ్గర ఉన్నాడు.

"అవునమ్మా. నానే పీకినాను," అన్నాడు.

కాసులమ్మ కూలబడింది. రెండు చేతులతో ఇసుక తీసి తన ఒళ్ళో పోసుకుంటూ కూర్చుంది. ఆ సమయంలో ఎర్రమ్మ కదిలింది. నూతి దగ్గరికి వెళ్ళి, తాడు అందుకుని, కుడిచేత్తో చేద వేసింది. తోడి నెత్తిన పోసుకుంది. ఇంకో చేద తోడి పోసుకుంది. అన్న బండి ఖాళీగా తిరిగి వెళ్ళింది.

పోలారావు మళ్ళీ గనికి వెళ్ళలేదు. నూతులూ తవ్వలేదు. కొబ్బరితోటకి నీళ్ళు పోస్తూ, ఎవరైనా పలకరిస్తే పలుకుతూ బతికాడు. కాసులమ్మ అతని చేతి కూడు తిన్నది గాని అతనితో మాట్లాడకుండానే పోయింది. గని కూడా ఎన్నాళ్ళో నడవలేదు. చార మరీ సన్నబడింది. యుద్ధం ఆగింది. పిరంగులక్కరలేనివాళ్ళకి బరువురాయీ అక్కరలేకపోయింది. సిద్ధార్థి సంవత్సరానికి కంపెనీ తట్టాబుట్టా సర్దుకుంది. కాకిమెట్ట కన్నంలో వాననీళ్ళు నిలిచి, గొర్రెలవాళ్ళు గొర్రెల్ని కడుగుతున్నారని చెప్పుకున్నారు. రామూర్తి తెచ్చిన నల్లరాయిని రాజులమ్మ పారెయ్యలేదు, ఎవరికీ చూపించనూ లేదు. కుంగిన పాక మళ్ళీ ఎత్తలేదు. చెట్టు కింద వండింది. వాన వస్తే వండేది కాదు.

ఆ గుంజ నూతి గట్టున పడింది పడినట్టే ఉండేది. దాన్ని ఎవరూ పొయ్యిలో పెట్టలేదు. దాని మీద ఎవరూ కూర్చోలేదు.

ఇద్దరు తోటికోడళ్ళూ ఒకే వాకిట్లో, ఒకే నూతి దగ్గర నాలుగేళ్ళు ఉన్నారు. పిల్ల ఇద్దరి దగ్గరా పెరిగింది. ఒకరి పని ఒకరు చేసేవారు. ఎర్రమ్మ మాత్రం రాజులమ్మతో ఒక్క మాట మాట్లాడలేదు. రాజులమ్మ మాట్లాడమని అడగలేదు. ఇక ఎవరినీ ఏదీ అడగడం ఆమె మానేసింది.

ఐదో ఏడు ఎండాకాలంలో ఒక పొద్దున్న రాజులమ్మ నీళ్ళు తోడుతోంది. వెనకాల బిందెతో నిలబడ్డ ఎర్రమ్మ, నూతిలోకి చూస్తూ అంది.

"తాడు పీసు లేసిపోనాదప్పా. సూసి లాగు."

రాజులమ్మ తాడు పట్టుకుని అలాగే ఉండిపోయింది. చేద ఎంతసేపటికీ పైకి రాలేదు.